‘ఫాంటసీ’ యను మాటయు, దాని తెలుగు చుట్టములును

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ రజతోత్సవమున ఒక మాటను గూర్చి ప్రసంగించుట కొందరికి వింతగా తోచవచ్చును. అందును అది తెలుగు మాట గాక ‘ఫాంటసీ’ యను పరదేశపు మాట యగుట మరియు వింత. కాని ఆ మాట పల్లెకు రాని మాట యేమియు గాదు. సినిమా ప్రకటనలలో నున్నది. పుస్తకముల అట్టల మీద నున్నది. బడికి పోవు పిల్లలు దానిని అర్థమడుగకయే వాడుచున్నారు. పెద్దలలో పలువురికి మాత్రము ఆ మాట వినగానే ఒక్కటే అర్థము తోచును: అబద్ధము. ఈ యర్థము వలననే గ్రంథాలయములకు ఒక చిక్కు కలుగుచున్నది. పల్లెటూరి గ్రంథాలయమునకు వచ్చు చందా సొమ్ము స్వల్పము. ఆ స్వల్పములో వ్యవసాయ గ్రంథములు కొనవలెనా, పరీక్షల పుస్తకములు కొనవలెనా, ఎగిరెడి గుఱ్ఱముల కథలు కొనవలెనా యను ప్రశ్న ఏటేటను వచ్చునదే. “కల్లబొల్లి కథలకు సొమ్మేల?” యని యెవరో యొకరందురు. తక్కినవారికి కథల మీద ప్రీతి యున్నను బదులు చెప్పుటకు మాట తోచదు. జాబితాలో మొట్టమొదట కొట్టివేయబడునవి ఆ పుస్తకములే. ఒక మాటకు అర్థము సరిగా తెలియకపోవుట వలన బీరువాలో ఒక అర ఖాళీ యగుచున్నది. కావున ఆ మాటను పుట్టుక మొదలు విచారించుట అప్రస్తుతము గాదు.

‘ఫాంటసీ’కి పుట్టినిల్లు గ్రీకు భాష. ఆ భాషలో దాని రూపము ‘ఫంటాసియా’. దానికి మూలమైన క్రియకు కనబడునట్లు చేయుట, వెలుగులోనికి తెచ్చుట యని యర్థము. క్రీస్తు పూర్వము 4వ శతాబ్దమున నుండిన అరిస్టాటిలు ఆత్మను గూర్చి వ్రాసిన గ్రంథములో ఈ మాటను విచారించి, దీని పేరు వెలుగునకు గ్రీకులో గల ‘ఫాఓస్’ అను పేరు నుండి వచ్చినదనియు, వెలుగు లేనిదే చూపు లేదు గనుక ఆ పేరు తగియున్నదనియు చెప్పినాడు. మనస్సు కన్ను మూసికొని యుండగా లోపల రూపమును చూపు శక్తి యేదో అదియే ‘ఫంటాసియా’. ఆ మాట పుట్టినప్పుడు దానికి అబద్ధమను అర్థము లేదు.

ఇందు తెలుగు పాఠకులకు ముచ్చట గొలుపు విషయమొకటి కలదు. ఆ గ్రీకు మాటలోని ధాతువును, సంస్కృతమున ప్రకాశించుట యను అర్థము గల ‘భా’ ధాతువును ఒక తల్లి బిడ్డలని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించి యున్నారు. ‘భా’ నుండి ప్రభ వచ్చినది, విభ వచ్చినది, ప్రతిభ వచ్చినది. ప్రతిభ యనగా నేమి? నేటి వాడుకలో తెలివితేటలని యర్థము. మార్కులు ఎక్కువ వచ్చిన విద్యార్థికి ప్రతిభా పురస్కారమిత్తురు. కాని ఆలంకారికుల పరిభాషలో ప్రతిభ యనగా ఎన్నడును చూడని దానిని క్రొత్త క్రొత్తగా దర్శించు కవి ప్రజ్ఞ. అనగా గ్రీసు దేశమున ‘ఫంటాసియా’ యనియు, భరతఖండమున ‘ప్రతిభ’ యనియు, ఇరువురు అక్కచెల్లెండ్రు దూరదేశములందు పెరిగి, ఒకరినొకరు ఎరుగకయే, వెలుగను ఇంటిపేరునే మోసినారు. తెలుగువారు ‘ఫాంటసీ’ యని ఈసడించు మాట ‘ప్రతిభ’ యని సన్మానించు మాటకు తోబుట్టువే.

అయితే ఆ కుటుంబములో మరియొకరు కూడ నున్నారు. ‘భా’ ధాతువునకు దగ్గర చుట్టమైన ‘భాస్’ నుండి ‘ఆభాస’ వచ్చినది. ఉన్నట్లు తోచి లేనిది ఆభాస. తర్కములో హేత్వాభాస, అలంకార శాస్త్రములో రసాభాస. వెలుగు చూపును, ఆ వెలుగే మోసగించును. పెద్దల అనుమానమునకు ఇంతమాత్రము ఆధారమున్నదని యొప్పుకొనక తప్పదు.

గ్రీకు నుండి లాటినునకు, లాటిను నుండి ఫ్రెంచికి, అందుండి ఆంగ్లమునకు పోయిన ఈ మాట దారిలో చాల వేషములు మార్చినది. అచ్చట దానిని కురుచ చేసి ‘ఫాన్సీ’ యని పలుకజొచ్చిరి. కోల్‌రిడ్జి యను ఆంగ్ల కవి 1817లో ప్రకటించిన గ్రంథమున ‘ఫాన్సీ’కి తక్కువ పీటయు, ‘ఇమాజినేషను’నకు ఎక్కువ పీటయు వేసెను. జ్ఞాపకములో నున్న వస్తువులను అటునిటు మార్చి పేర్చునది మొదటిది. కరగించి క్రొత్తది పోతపోయునది రెండవది యని ఆయన విభాగము. పాపము, ఆ తక్కువ పీట వేసిన ‘ఫాన్సీ’యే తెలుగు దేశమునకు వచ్చి బజారులో స్థిరపడినది. గాజులు, రిబ్బనులు, తిలకపు సీసాలు అమ్ము అంగడి పేరు ఫాన్సీ షాపు. అరిస్టాటిలు చెప్పిన వెలుగు ఆ అంగడిలో గాజుల మీద తళతళలాడుచున్నదని సరిపెట్టుకొనవలెను.

ఇక దేశీయమైన మాట ‘కల్పన’. నిఘంటువులలో ‘ఫాంటసీ’కి ఎదురుగా నిలుపబడునదియు, పెద్దలు కల్లతో కలిపివేయునదియు ఇదియే. తెలుగులో కల యనగా స్వప్నము. కలదు అనగా ఉన్నది. కల్ల యనగా లేనిది. ఇంత దగ్గర దగ్గర మాటల నడుమ ‘కల్పన’ యను సంస్కృత పదము వచ్చి కూర్చుండుట వలన దానికి కల్ల వాసన తగిలినదేమో! నిజమునకు ఆ మాటకు కల్లతో చుట్టరికము లేదు. దాని ధాతువునకు సమర్థమగుట, అమరుట, ఏర్పాటగుట యని యర్థములు. సంకల్పము ఆ ధాతువు బిడ్డయే. యజ్ఞవిధులను చెప్పు కల్పసూత్రములును, కోరినవిచ్చు కల్పవృక్షమును ఆ యింటివే. ప్రభుత్వము వారి ప్రకటనలలో ‘ఉపాధి కల్పన’, ‘సౌకర్యముల కల్పన’ యని చదువుచునే యున్నారు గదా. అచ్చట కల్పన యనగా అబద్ధమని యెవరును అనుకొనరు. (ఉద్యోగము దొరకని యువకులు అనుకొన్నచో అది వేరు సంగతి.)

అమరకోశమును వల్లె వేసిన పెద్దలకు జ్ఞాపకముండును. క్షత్రియవర్గమున ‘కల్పన’ యను మాట ఏనుగుల ప్రస్తావనలో వచ్చును. ఏనుగును యుద్ధమునకో, ఊరేగింపునకో సిద్ధము చేసి అలంకరించుటకు కల్పన యని పేరు. ఏనుగు నిజము, జూలు, గంటలు, అంబారీ కూర్చినవి. ఆ కూర్పు వలన ఏనుగు అబద్ధమగునా? ఆ అమరసింహుడే మరియొకచోట ఆఖ్యాయికను తెలిసిన వృత్తాంతము గలదిగాను, కథను కల్పన గలదిగాను విడదీసి చూపినాడు. 7వ శతాబ్దమున బాణుడు రెండును వ్రాసెను. తన ప్రభువైన హర్షుని గూర్చి వ్రాసినది ఆఖ్యాయిక, కాదంబరి కథ. ఏది జరిగినది, ఏది కల్పించినది యను భేదము పూర్వులకు స్పష్టముగా తెలియును. అయినను కల్పించిన దానిని వారు బీరువా నుండి తీసివేయలేదు.

సంగీత మెరిగినవారికి మరియొక సాక్ష్యము చాలును. కచేరీలో గాయకుడు కీర్తన పాడి, పిమ్మట కల్పనాస్వరములు పాడును. అవి ఎవరును వ్రాసియుంచినవి గావు, అప్పటికప్పుడు పుట్టినవి. కాని రాగము దాటరాదు, తాళము తప్పరాదు, తిరిగి తిరిగి ఎత్తుగడకు వచ్చి వ్రాలవలెను. ఇట్లు చూడగా కల్పన యనగా ఇచ్చ వచ్చినట్లు పోవుట గాదు. తానేర్పరచుకొన్న కట్టుబాటునకు లోబడి నడచుట. మంచి అద్భుత కథలో గూడ ఇదియే నియమము. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’ చిత్రము చూచినవారికి బొమ్మ సంగతి తెలియును. ఆ బొమ్మ ఎవరి చేతిలో నుండిన వారి కోరిక తీరును. తోటరాముని చేతి నుండి మాంత్రికుని చేతికి పోయినచో మాంత్రికుని మాటయే చెల్లును. కథానాయకుడు మంచివాడు గదా యని ఆ కట్టుబాటు నొక్కసారి సడలించి యుండిన, చూచువారి గుండె దడ అక్కడనే ఆగిపోయెడిది.

ఇప్పుడు అసలు చిక్కునకు రావలెను. కల్పనకును మోసమునకును భేదమెక్కడ? ఈ ప్రశ్నకు పతంజలి యోగసూత్రములలో మంచి ఆధారమున్నది. చిత్తవృత్తులను ఐదుగా విభజించుచు ఆయన విపర్యయమును, వికల్పమును వేరు వేరుగా లెక్కించెను. త్రాటిని చూచి పామనుకొనుట విపర్యయము. అది తప్పు జ్ఞానము. దీపము తెచ్చిన పోవును. వస్తువు లేకున్నను మాటను పట్టి మనస్సులో నిలుచు జ్ఞానము వికల్పము. కుందేటి కొమ్మనినచో వినువానికి మాట తెలియును, భావము తోచును, అట్టిది లేదని కూడ తెలియును. దీపము తెచ్చినను అది పోదు, ఏలయన అతడు మోసపోయి యుండలేదు. అరిస్టాటిలును ఇంచుమించుగా ఈ చోటికే వచ్చినాడు. భయంకరమైనది నిజముగా వచ్చినదని నమ్మినచో మనుష్యుడు వెంటనే భయపడును. ఊహలో చూచినప్పుడు మాత్రము పటములోని దానిని చూచినట్లు చూచునని ఆయన మతము.

ఈ భేదమును గ్రామ వ్యవహారములలో పెట్టి చూచిన మరింత తేటపడును. అడంగలులో బీడు భూమికి వరి పైరు వ్రాసినచో అది కల్పితము. లేని క్రయమును ఉన్నట్లుగా దస్తావేజు పుట్టించి, నాలుగు దిక్కుల హద్దులు వ్రాసి, చచ్చినవాని వ్రేలిముద్ర వేయించినచో అదియు కల్పితమే. సింహళ ద్వీపమున ఏడు వారాల నగలు గల రాకుమార్తె యుండెనని చెప్పిన కథయు కల్పితమే. తెలుగువారు మూడింటికిని ఒకే మాట వాడుదురు; గందరగోళమంతయు అక్కడ పుట్టుచున్నది. దొంగ దస్తావేజునకు ప్రాణమెక్కడ నున్నది? తాను కల్పితమని తెలియకుండుటలో నున్నది. తెలిసిన మరుక్షణమున అది చిత్తు కాగితము, వ్రాసినవాడు చెరసాల పాలు. కథ యట్లు గాదు. అది వాకిటిలోనే తన పేరు చెప్పుకొని లోనికి వచ్చును. “అనగా అనగా” యని మొదలుపెట్టు తెలుగు కథకుడు ఏమి చేయుచున్నాడు? ఎవరో అనగా విన్నది చెప్పుచున్నాను, దీనికి నా సంతకము లేదు, సాక్షులు లేరు అని మొదటి మాటలోనే తెలియజేయుచున్నాడు. ఆరేండ్ల పిల్లకు గూడ ఆ మాట వినగానే, ఇక రాబోవునది పొలము గట్టు మీద జరిగినది గాదని తెలియును. తెలిసియే “ఊఁ” కొట్టును. అట్టి కథను అబద్ధమనుట, నాటకములో రాజు వేషము వేసినవానిని శిస్తు వసూలు చేసినాడని పట్టుకొనుట వంటిది.

తెలుగు కవులు ఈ విషయమున ఊరకుండలేదు. 16వ శతాబ్దమున రామరాజభూషణుడు వసుచరిత్ర పీఠికలో కథలను మూడు తెగల రత్నములతో పోల్చెను. కేవలము కల్పించిన కథలు చేసిన రత్నములట. పూర్వకథలు గనిలో పుట్టిన రత్నములట. పూర్వకథకు కవి కల్పన తోడైనవి సాన పట్టిన జాతిరత్నములట. ఆయన వసుచరిత్ర మూడవ తెగలోనిది. భారతము ఆదిపర్వములో కొలదిగా నున్న వసురాజు కథను తీసికొని, కోలాహల పర్వతమును, శుక్తిమతీ నదిని నాయికా నాయకుల వలె నడపి, మహాప్రబంధము చేసెను. కావున ఈ తూకములో తన సరుకునకే మొగ్గు చూపినాడని యెవరైన ఆక్షేపించినచో కాదనుట కష్టము. రత్నవర్తకుడు తన అంగడిలో లేని రాళ్లను పొగడడు గదా!

ఆ శతాబ్దముననే పింగళి సూరన కళాపూర్ణోదయము వ్రాసెను. పురాణము నుండి గాని, ఇతిహాసము నుండి గాని ఎత్తి తెచ్చిన కథ గాదది. రామరాజభూషణుని తూకములో చేసిన రత్నమే. కాని దాని పనితనము చూడవలెను. ద్వారకలో కలభాషిణి యను వేశ్య ఉయ్యాల లూగుచుండగా, ఆకాశమున విమానమెక్కి పోవు రంభా నలకూబరుల సంభాషణ ఆమె చెవిని పడును. అక్కడ మొదలైన కథ ముందునకు వెనుకకు పోవుచు, మారువేషములతోను, శాపములతోను, పూర్వజన్మలతోను చదువరిని త్రిప్పి త్రిప్పి, తుదకు మధురలాలస యను పసిబిడ్డ తన పూర్వజన్మ వృత్తాంతము చెప్పుటతో ముడులు విడివడును. అన్నింటికిని మూలమేమనగా, బ్రహ్మ సరస్వతితో సరసమాడుచు కల్పించి చెప్పిన యొక కథ! ఆ కథలోని వారు పిమ్మట భూలోకమున పుట్టి, ఆయన చెప్పినట్లే బ్రదికినారు. జరిగిన పిమ్మట కథ చెప్పుట లోకమున గలదు. సూరన కథలో చెప్పుట ముందు, జరుగుట వెనుక. కల్పన యనగా నేమని అడిగినవారికి శాస్త్రము చెప్పక, కల్పనతోనే బదులిచ్చిన కవి ఆయన. చేసిన రత్నమను మాటను అంత సొగసుగా త్రిప్పికొట్టిన గ్రంథము తెలుగున మరియొకటి లేదు. ఇది చదువుట కొంచెము కష్టమే. రెండవసారి చదివినగాని కథ చేజిక్కదు. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ దీనిని ఆంగ్లమున అనువదించి అమెరికాలో ప్రకటించిరి. ‘ఫాంటసీ’ యను మాటను తెలుగువారికి పంపిన భాషలోనికి కళాపూర్ణోదయము ఆ విధముగా బదులు పోయినది.

సూరన ప్రబంధము చదువలేనివారికి మధిర సుబ్బన్న దీక్షితుల వారి కాశీమజిలీ కథలున్నవి. మణిసిద్ధుడను సన్న్యాసి కాశీకి పోవుచు ఒక పశులకాపరి బాలుని తోడుగా తీసికొనిపోవును. మజిలీ మజిలీకి ఆ బాలుడు చూచిన వింతకు కారణమడుగును, ఆయన కథ చెప్పును; కథ లేనిచో బాలుడు అడుగు వేయడు. పన్నెండు భాగముల యా కథలతో ఎన్ని యిండ్లలో దీపము ప్రొద్దుపోవువరకు వెలిగినదో లెక్క యెవరు కట్టగలరు? పిమ్మట 1947లో ‘చందమామ’ పత్రిక పుట్టి బేతాళుని పిల్లల యింటికి తెచ్చినది. సినిమావారు ఇట్టి కథలకు ‘జానపదము’ అని పేరు పెట్టినారు. జానపదమనగా పల్లె జనులది. మాంత్రికుల గుహలు పల్లెలో లేకున్నను ఆ పేరు నిలిచినది. ఇటీవలి కాలమున దేవకన్యయో, యముడో నేటి పట్టణపు వీథులలో తిరుగు కథలకు ‘సోషియో ఫాంటసీ’ యను నామకరణము జరిగినది. 1977లో వచ్చిన ‘యమగోల’, 1990లో వచ్చిన ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ యిట్టివి. ఆ చిత్రములు ఇంపైనవే గాని పేరు మాత్రము సగము తలయు సగము తోకయు నతికించినట్లున్నది.

ఇక ఒక అర్థము మిగిలినది. తనకు తానే అల్లుకొను కోరికల వలకు గూడ పాశ్చాత్యులు ఈ మాటనే వాడుదురు. ఫ్రాయిడు 1908లో ప్రచురించిన వ్యాసమొకటి కవి కల్పనను పిల్లల ఆటతోను, పెద్దల పగటి కలతోను పోల్చి చూపును. తెలుగున దీనికి వేరు మాటలున్నవి: పగటి కల, గాలిమేడ, మనోరథము. పంచతంత్రములో పేలపిండి కుండ క్రింద పండుకొనిన బ్రాహ్మణుడు ఆ పిండి అమ్మి మేకలను, పిదప ఆవులను, గుఱ్ఱములను, తుదకు భార్యను సంపాదించి, ఆమె మీద కోపించి కాలు జాడించగా కుండ పగిలి పిండి నెత్తిన పడును. పెద్దలు భయపడు కల్పన యిది; ఈ భయము సహేతుకము. కాని ఆ బ్రాహ్మణుడు కథల పుస్తకము చదివి చెడలేదు. అతని కలలో వినువాడు లేడు, కట్టుబాటు లేదు, తాను తప్ప మరియొక పాత్ర లేదు. ఆ తెలివిమాలిన కలను జనులకు చూపి నవ్వించినది మరల ఒక కల్పిత కథయే!

నేడు దొంగ దస్తావేజునకు మించిన కల్పితములు చేతి ఫోనులలోనికి వచ్చుచున్నవి. జరుగని సంఘటన జరిగినట్లు వార్త, ఆడని మాట ఆడినట్లు బొమ్మ, ఆ మాట పలికినట్లు గొంతు. ఇవి “అనగా అనగా” యని మొదలుకావు. పత్రికా విలేఖరి వేషముననో, వైద్యుని వేషముననో వచ్చును. కథలు చదువవద్దని పిల్లవాని చేతిలోని పుస్తకము లాగికొన్న తండ్రియే వీనిని చదివి, నిజమని నమ్మి, పదిమందికి పంపుచుండుట పలుచోట్ల కనబడు వింత. విపర్యయమునకు తలుపు తీసి, వికల్పమును గడప అవతల నిలిపినట్లైనది.

చివరకు గ్రంథాలయాధికారి చేయవలసిన పని యొకటి యున్నది. ఈ పుస్తకములను పట్టికలో ఏ పేరు క్రింద వ్రాయవలెను? డ్యూయీ దశాంశ పద్ధతిలో జానపద కథలు 398వ సంఖ్య క్రింద, సాంఘిక శాస్త్రముల నడుమ, ఆచార వ్యవహారముల ప్రక్కన కూర్చుండును. తెలుగు సాహిత్యము 894.827 క్రిందకు పోవును. ఆ విధముగా కాశీకి పోవు బాలుడొక బీరువాలోను, కలభాషిణి యొక బీరువాలోను చిక్కుకొను ప్రమాదమున్నది. అంత దూరము పోనక్కరలేదు. భరతముని నాట్యశాస్త్రములో రసములను చెప్పుచు అద్భుతమునకు విస్మయమును స్థాయిగా నిలిపి, అది పుట్టు తావులను లెక్కించెను. దివ్యజనులు కనబడుట, మనోరథము ఫలించుట, విమానము, మాయ, ఇంద్రజాలము అందులోనివి. ‘ఫాంటసీ’ యని నేడు అమ్ముడుపోవు సరుకులో ఈ జాబితా దాటినది కొలదియే. కావున పట్టికలో ‘అద్భుత కథలు’ అని శీర్షిక వ్రాసి, దాని క్రింద మొదటి పంక్తిలో కళాపూర్ణోదయమును, తరువాత కాశీమజిలీ కథల పన్నెండు భాగములను చేర్చి, పిల్లల చేతికందునట్లు క్రింది అరలో నుంచిన బాగుండును. పన్నెండు భాగములలో ఏవైన కొరతపడినచో ఈ రజతోత్సవ నిధి నుండి మొదట వానిని కొనవచ్చును.